పిల్లలకివ్వక దాచిన పుస్తకాల వీలునామా

గద్వాల పట్టణ నివాసిని, పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలిని, కీ.శే. కురుమయ్య కూతురిని, అరవై మూడేళ్ల ప్రేమలతను నేను. ఎవరి బలవంతమూ లేకుండా, తెలివితో, నా చేతిరాతతోనే ఈ వీలునామా రాస్తున్నాను. ఎల్లుండి గురువారం హైదరాబాదులో నా గుండెకు ఆపరేషన్. బుద్ధి స్థిరంగానే ఉంది. అక్షరాలు వంకర పోయాయని ఎవరూ ఈ పత్రాన్ని శంకించకూడదు.

1. నేను ఉంటున్న రెండు గదుల ఇల్లు నా స్వార్జితం. నా తదనంతరం అది వనపర్తిలో ఉన్న నా తమ్ముడు రాజశేఖర్‌కు సర్వహక్కులతో చెందుతుంది. ఇంట్లోని పుస్తకాలు మాత్రం చెందవు. మళ్లీ రాస్తున్నాను: చెందవు. కిందటి దసరాకు వచ్చినప్పుడు వాడు, "అక్కా, ఈ కాయితాలన్ని తూకానికి ఎయ్యరాదా, జాగన్న మిగుల్తది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం అప్పటినుంచి గుబులే.

2. నాగర్‌కర్నూలులో ఉంటున్న, నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఆంజనేయులు గారు ఈ వీలునామాను అమలు జరపాలి. నిన్న ఫోన్లో "ధైర్యంగ ఉండుండ్రి మేడం, ఏం గాదు" అన్నారు. ధైర్యం నా వల్ల కావడం లేదు. అందుకే ఆయనకు పని అప్పగిస్తున్నాను.

3. పడకగదిలోని ఆకుపచ్చ బీరువాలో నూట నలభై దాకా పుస్తకాలున్నాయి. తల్లిని పోగొట్టుకున్న పిల్లల కథలు, తాగే తండ్రుల ఇళ్ల కథలు, ఊరు విడిచిన కుటుంబాలవి, ఒళ్లు ఎందుకు మారుతోందో ఆడపిల్లలకు తేటగా చెప్పేవి. పన్నెండు దాటిన పిల్లల కోసం అన్నీ నేనే కొన్నాను. పదమూడేళ్లుగా ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకో చెప్పకపోతే కింది షరతులు ఎవరికీ అర్థం కావు.

2012లో నేను గట్టు మండలంలోని ఒక హైస్కూల్లో పనిచేసేదాన్ని. ఎనిమిదో తరగతిలో ఉష అనే అమ్మాయి ఉండేది. ఆ ఏడు వాళ్లమ్మ జబ్బుచేసి పోయింది. బడికి తిరిగొచ్చిన వారానికి ఉష నా దగ్గరికొచ్చి, "జర మంచి కథ ఉంటే ఇయ్యుండ్రి మేడం, ఇంట్ల పొద్దు పోతలేదు" అంది. తల్లి పోయిన ఒక అమ్మాయి కథ ఇచ్చాను, ఓదార్పుగా ఉంటుందని. మూడో రోజు నుంచి ఉష బడికి రాలేదు. ఆ పుస్తకమే పిల్ల మనసు విరిచిందని నాకు నేనే తీర్మానించుకున్నాను. వాళ్లిల్లు బడికి ఒక మైలు. పోతే "ఎందుకిచ్చినవ్?" అని ఏడుస్తుందేమోనని భయం. పోలేదు. ఎండాకాలంలో బదిలీ అయింది. బాధ ఉన్న ప్రతి పుస్తకాన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

తర్వాత కొత్త బడిలో సరిత అనే పదో తరగతి అమ్మాయి, "మా నాయిన తాగుతడు మేడం. గసుంటి ఇంటి కథ ఏదన్న ఉన్నదా?" అని అడిగింది. ఉంది. అయినా కోతుల కథల పుస్తకం చేతిలో పెట్టాను. ఆ పిల్ల మర్నాడే తిరిగిచ్చేసింది. మళ్లీ ఏదీ అడగలేదు.

కిందటి నెల గట్టులో పెళ్లికి పోయి షేర్ ఆటోలో వస్తుంటే ఒక అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. ఉష! ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. ఆ పుస్తకం ఇచ్చినందుకు ఆటోలోనే క్షమాపణ అడిగాను. ఆమె తెల్లబోయింది.

"నాలుగు పేజీలు గూడ సదవలే మేడం. మా నాయిన సీడు పత్తి చేన్ల క్రాసింగ్ కూలికి తోలిండు. పొద్దుగాల నుంచి పువ్వుకు పువ్వు అంటిచ్చుడే పని. మీరొచ్చి మా నాయినకు ఒక్క మాట చెప్తరని దసరా దాక తొవ్వ చూసిన. రెండేండ్లు పోయినయి. మల్ల ఓపెన్ స్కూల్ల పరీక్ష కట్టి పాసైన."

నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే చెప్పింది. గద్వాలలో దిగి ఇంటిదాకా ఎట్లా నడిచానో నాకు తెలియదు. ఆ పుస్తకం పిల్లకు ఏ హానీ చేయలేదు. నేను గడప దాటకపోవడం రెండేళ్లు తినేసింది.

4. కాబట్టి బీరువాలోని పుస్తకాలన్నీ ఉషకు చెందుతాయి. శనివారాలు తన ఇంటి అరుగు మీద పెట్టి పిల్లలకు ఇస్తానంది. బయటి అరల్లోని బొమ్మల పుస్తకాలు ఆమె అంగన్‌వాడీకి. సరిత ఎక్కడుందో నాకు తెలియదు. ఆంజనేయులు గారు కనుక్కుని, ఆమె అడిగిన కథ ఇప్పటికైనా ఆమెకు చేర్చాలి.

5. బీరువాలోని వాటిలో ఇరవై మాత్రం నా తమ్ముడి కూతురు కృప ముందుగా ఏరుకోవాలి. దానికి పద్నాలుగేళ్లు. ప్రతి పుట్టినరోజుకూ వాళ్ల నాన్న పోటీ పరీక్షల గైడ్లే కొనిస్తాడు. అది ఏరుకునేటప్పుడు రాజశేఖర్ పక్కన నిలబడకూడదు. నచ్చని పుస్తకాన్ని మధ్యలోనే మూసేసే హక్కు కూడా కృపకు ఇస్తున్నాను. మోసుకుపోవడానికి నా రాజోలి నేత సంచీ దానిదే.

6. ఏ వయసుకు ఏ పుస్తకమో పట్టిక రాయాలని మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. తప్పు చెప్తానేమోనని ఇప్పటికీ భయమే. ఇంతవరకు మాత్రం చెప్పగలను: పిల్ల ఏం అడిగిందో అదే ఇవ్వండి. తర్వాత ఎట్లుందని అడగండి. పుస్తకం రాకపోతే పోనీయండి. పిల్ల రాకపోతే ఇంటికి పోండి.

7. ఈ పత్తి సీజన్లో తన ఊళ్లో బడి మానేసిన ముగ్గురు ఆడపిల్లల పేర్లు ఉష చెప్పింది. ఈ రోజు పొద్దున ఇద్దరం కలిసి వాళ్ల ఇళ్లకు పోయాం. ఒక తల్లి సోమవారం నుంచి పంపుతానంది. ఇంకో ఇంట్లో తండ్రి, "ఈ నెల దాటనీ మేడం, పంపుత" అన్నాడు. ఆ మాట మీద నాకు నమ్మకం లేదు. మూడోది మాసయ్య ఇల్లు. అందరూ చేనుకు పోయారు. గంటసేపు కూర్చున్నాం. నాకు ఆయాసం రావడంతో ఉష బలవంతంగా తీసుకొచ్చేసింది.

పై షరతులన్నీ నా మరణానంతరం అమల్లోకి వస్తాయి. ఇది మాత్రం సంతకం చేసిన ఈ రోజు నుంచే. నేను బతికొచ్చినా, రాకపోయినా, ఆంజనేయులు గారు ఈ వారంలోనే మాసయ్య ఇంటికి పోవాలి. వాళ్లు చేను నుంచి వచ్చేదాకా కూర్చోవాలి. పిల్ల పేరు మల్లీశ్వరి. తొమ్మిదో తరగతి.

ఇది చదివి, నాదేనని ఒప్పుకుని, కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను.

గద్వాల, 9 సెప్టెంబరు 2025, మంగళవారం

(సం.) ప్రేమలత

సాక్షులు:
1. సుదర్శన్, పక్కింటి వారు
2. కాంతమ్మ, ఎదురింటి వారు