కంకర దారిన నీలం చుక్క

నేపర్‌విల్, అమెరికా,
మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి ఉజ్వలకు మీ అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అల్లుడుగారు, అదితి, నేను క్షేమం. నీ క్షేమం దేవుడి దయ, ఆ తర్వాత ఆ కంకర రాళ్ల దయ అనుకుని రాస్తున్నాను.

నీ ఉత్తరం నిన్న అందింది. అల్లుడుగారు రైలు దిగి వస్తూ ఉత్తరాల డబ్బాలోంచి తీసి "మీకే అత్తమ్మా" అని చేతికిచ్చారు. పైన ఫ్రాన్సు తపాలా బిళ్ల. ఆఫీసు పని మీద వెళ్లిన పిల్ల ఉత్తరం రాయడమేమిటని అప్పుడే అనుమానం వచ్చింది. కూడబలుక్కుని చదివాను. "అమ్మా, నేను ఆఫీసు పని మీద రాలేదు. సెలవు పెట్టి సైకిల్ తొక్కడానికి వచ్చాను, ఒక్కదాన్నే, పదహారు రోజులు. ఫోనులో చెబితే మధ్యలో ఏడుస్తావని రాస్తున్నాను" అన్న చోట ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. నలభై ఆరేళ్ల మనిషివి! ఈ వయసులో సైకిలేమిటి, భాష తెలియని దేశంలో ఒంటరిగా ఏమిటి, అదీ నున్నటి తారు రోడ్లుండగా వెతుక్కుని వెతుక్కుని కంకర మీద ఏమిటి!

"మీకు తెలుసా బాబూ?" అని అల్లుడుగారిని అడిగాను.

"తెలుసత్తమ్మా. మీకు చెప్తే పోనియ్యరని ఉజ్వలనే చెప్పొద్దన్నది. నాతోని ఒట్టు గూడ వేయించుకున్నది."

"అదితికి?"

"అందరికీ తెలుసు అమ్మమ్మా," అంది నీ కూతురు ఫోనులోంచి తలెత్తకుండా. "లీలావతి ఆంటీకి కూడా తెలుసు. చిల్!"

లీలావతిగారికి కూడానా! పోయిన శనివారం ఆవిడ నన్ను గుడికి తీసుకెళుతూ ఉంటే కారులో నేను "ఆఫీసు వాళ్లు మా పిల్లకి వేళకి తిండి పెడుతున్నారో లేదో" అన్నాను. పక్కింట్లో ఉంటూ అన్నీ తెలిసీ ఆవిడ ఎంత బాగా ఊకొట్టిందనుకున్నావు! వేసవంతా ప్రతి ఆదివారం ప్రెయిరీ పాత్ అనే ఆ కంకర బాట మీద నడకకు వెళుతున్నానని నువ్వు చెబితే అదీ నమ్మాను. నడిచి వచ్చిన మనిషికి తెల్ల దుమ్ము వీపు మీద చారలా ఎందుకు పడుతుందని ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ బట్టలు ఉతికింది నేనే.

మోకాలెలా ఉందని అడిగావు. అలాగే ఉంది, మెట్లు దిగేటప్పుడు కలుక్కుమంటోంది. బీపీ మాత్ర వేళకి వేసుకుంటున్నాను. నిన్న రెండు వేసుకోబోతే అల్లుడుగారు సీసా తీసి పైఅరలో పెట్టేశారు. సుడిగాలి సైరన్‌కి ఇంకా భయపడుతున్నావా అన్నావు. ఇవాళ నెలలో మొదటి మంగళవారం కదా, పదింటికి కూసింది. ఉత్త పరీక్షేనని ఐదేళ్లుగా మీరు చెబుతూనే ఉన్నారు. అయినా వెళ్లి మెట్ల కింద కూర్చున్నాను. ఈ ఉత్తరం అక్కడే మొదలుపెట్టాను.

ఇక నీళ్ల సంగతి. మధ్యాహ్నం పల్లెటూళ్లలో కొట్లన్నీ మూసేస్తారు, కానీ శ్మశానంలో కొళాయి ఉంటుంది, సైకిళ్ల వాళ్లు అక్కడ సీసాలు నింపుకుంటారు అని ఎంత తేలిగ్గా రాశావే! శ్మశానం నీళ్లు! పైగా సమాధుల పక్కన బల్ల మీద కూర్చుని రొట్టె తిన్నావా? మీ నాన్నను సాగనంపి వచ్చిన రోజున ఒక్కళ్లయినా స్నానం చేయకుండా గడప తొక్కారా? నువ్వు ఆ నీళ్లు కడుపులో పోసుకుని మళ్లీ సైకిలెక్కావు. లీలావతిగారితో అంటే, "అక్కడి శ్మశానాలు పూలతోటల్లా ఉంటాయండి పిన్నిగారూ" అంది. పూలుంటే మాత్రం?

ఆ తర్వాత అడవి పందుల సంగతి. మోర్వానో ఏదో, ఆ అడవిలో చక్రం పంక్చరైతే నీ అంతట నువ్వే ఊడదీసి బాగు చేసుకున్నావట. పక్క కొమ్మల్లో ఏదో గురగురలాడిందట. "నవ్వొచ్చిందమ్మా" అని రాశావు. ఎవరికి వచ్చిందమ్మా నవ్వు?

నా ఏడుపు చూడలేక అదితి పలక లాంటి ఫోను ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అది అమ్మ. ఆ బ్లూ డాట్. కదులుతుంది, చూడు" అంది. దేశపటం మీద నీలం చుక్క, చీమంత. నిన్నటి నుంచి దాన్నే చూస్తున్నాను. పొద్దున ఒక చోట ఆగిపోయింది. పావుగంట, అరగంట, కదలదు. అదితిని లేపాను.

"లంచ్ తింటుంది అమ్మమ్మా! అక్కడ వన్ అవర్ తింటారు."

"గంటసేపు ఏం తింటుందే ఒక్కత్తీ?"

"చీజ్!"

తర్వాత కదిలింది. అల్లుడుగారు ఫోను కలిపి ఇస్తే "తిన్నావా" అని తప్ప ఇంకేమీ అడగలేకపోయాను. నీ గొంతు చిన్నప్పటి గొంతులా ఉంది. తిట్టాలనుకున్నవన్నీ మరిచిపోయాను.

తిట్టలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది రాయడానికే కూర్చున్నాను, పందుల మీద, పప్పు మీద పెట్టి దాటేస్తున్నాను. అదితి ఈ కాగితాలు ఫోటో తీసి నీకు పంపుతానంది. దానికి తెలుగు చదవడం రాదని ఇన్నాళ్లూ బాధపడ్డాను. ఇవాళ మాత్రం మంచిదే అయిందనుకున్నాను.

నీ ఉత్తరంలో మూడో పేజీ. కాలవ కట్ట మీద పోతున్నానని, మన దుగ్గిరాల లాకుల్లాంటి లాకులే, పడవలు దాటే ఆ నీటి తలుపులే, మైలుకొకటి వస్తున్నాయని, పక్కన లాకుల వాళ్ల ఇళ్లు కూడా అలాగే ఉన్నాయని రాశావు. చదువుతుంటే నాక్కూడా ఆ నీళ్ల వాసన వచ్చింది. ఆ కిందనే రాశావు. "రాత్రి సైకిల్ గదిలోకి తెచ్చుకుని రెండు తాళాలు వేస్తాను. ఇంటావిడ నవ్వింది, కొట్టం గోడకు ఆనించి పో, ఇక్కడెవరూ ఎత్తుకుపోరు అంది. నాకు నమ్మకం లేదమ్మా. ఒకసారి తాళం వేయడం మరిచి పోగొట్టుకున్నాగా. నేను పారేసుకునే మనిషిని."

నువ్వు ఒంటరిగా వెళ్లావన్నప్పుడు కూడా ఈ మాటకి అదిరినంత అదరలేదు. ముప్పై మూడేళ్లయింది. నువ్వు మరిచిపోయి ఉంటావనుకున్నాను.

ఉజ్జీ, నీ ఎర్ర సైకిల్ని దొంగలు ఎత్తుకుపోలేదు. నేను తీసేశాను.

నీకప్పుడు పదమూడు. పెద్దమనిషివై రెండు నెలలు కూడా కాలేదు. ఒకరోజు కాలవ కట్ట మీద వెళ్లిన దానివి దీపాలు పెట్టే వేళకి కూడా రాలేదు. లాకుల దగ్గరికి పరుగెత్తి, సుళ్లు తిరిగే ఆ నీళ్లలోకి చూస్తూ నిలబడ్డాను. నీ రిబ్బను కోసం వెతికాను తల్లీ, నీళ్లలో. నువ్వేమో మోకాలు చెక్కుకుపోయి, నవ్వుకుంటూ వెనక నుంచి వచ్చావు. ఆ నీళ్లలోకి ఇంకోసారి చూడలేననుకున్నాను.

మర్నాడు నువ్వు గ్రంథాలయంలో చదువుకుంటున్నావు. సైకిల్ బయట ఉంది, వెనక చక్రానికి తాళం వేసి ఉంది. వేసి ఉంది, విను. ఆ తాళానికి రెండు చెవులిచ్చారు, రెండోది నా దగ్గర ఉండేది. దాంతో తీశాను. మీ భాస్కర్ మామయ్య ఆ రోజు ఊళ్లోనే ఉన్నాడు. వాడి చేతికిచ్చి, "బావకి చెబితే నా మీద ఒట్టే" అని బస్సు మీద వేయించి రేపల్లె పంపేశాను. అక్కడ ఎవరికో ఇచ్చేశాడు.

నువ్వు ఏడుస్తూ వచ్చి "తాళం వేశానమ్మా, నిజంగా వేశాను" అన్నావు. ఎన్నిసార్లు అన్నావో నాకు లెక్క తెలుసు. ఆరుసార్లు. మీ నాన్న జన్మలో నిన్ను కొట్టింది ఒక్క దెబ్బ, అది ఆ రోజే, నేను గుమ్మంలో నిలబడి ఉండగానే. ఆ తర్వాత ఆయన మూడు ఊళ్ల సైకిల్ షాపులు తిరిగి వచ్చారు. ఆ మనిషికి అన్నం వడ్డించాను గాని నోరు విప్పలేదు. ఆయన పోయే రోజున కూడా విప్పలేదు. నాలుగు రోజులయ్యాక నువ్వే వచ్చి "వేయలేదేమోలే అమ్మా" అన్నావు. హమ్మయ్య అనుకున్నాను. ఆ పాపం నీ ఉత్తరంలో కనబడింది.

ఆఫీసుకి బయల్దేరిన కారు వీధి చివరి నుంచి తిప్పుకొచ్చి గ్యారేజీ తలుపు పడిందో లేదో చూసుకుంటావు. ఒకసారి కాదు, రెండుసార్లు. అది చూసి నా చాదస్తమే నీకొచ్చిందని లీలావతిగారితో చెప్పుకుని నవ్వేదాన్ని. అది నీకు నేను పెట్టిన జబ్బని తెలియదు.

దుగ్గిరాల ఇల్లు ఖాళీ చేసినప్పుడు అన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చేశాను. ఆ తాళంచెవి పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. నా మందుల డబ్బాలో పిన్నీసుల కింద ఉంది. అదితిని దాన్ని కూడా ఫోటో తీయమన్నాను. "ఇది ఏం కీ అమ్మమ్మా?" అంది. "మీ అమ్మ సైకిల్‌ది" అన్నాను. "లవ్ దట్!" అని తీసుకుంది.

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. రావాలి. నాతో మాట్లాడకు, ఫోను ఎత్తకు, ఏమీ అనను. ఒక్కటే అడుగుతున్నాను. ఆ చుక్కని ఆపెయ్యకు. నువ్వు తలుచుకుంటే ఒక్క మీట నొక్కి ఆపెయ్యొచ్చట, అదితి చెప్పింది. ఆపితే ఆ నీళ్ల ఒడ్డున మళ్లీ నిలబెట్టినట్టే నన్ను.

ఇవాళ సైకిల్ని గదిలోకి తెచ్చుకోకు. ఆ ఇంటావిడ చెప్పినట్టు ఏ గోడకో ఆనించి, తాళం వేయకుండా పడుకో. పొద్దున్నే వెళ్లి చూడు, అక్కడే ఉంటుంది. నువ్వు పారేసుకునే మనిషివి కాదు తల్లీ. ఆ రోజు నువ్వు తాళం వేశావు.

ఇట్లు,
రెండో తాళంచెవి దాచిన
మీ అమ్మ,
నాగమల్లేశ్వరి.