నేలకి నువ్వంటే ఇష్టంలే

మార్చి 3, సోమవారం

కోడలి తెల్లకోటు మాడ్చాను. ఆసుపత్రి ల్యాబ్‌లో వేసుకునేది. బస్సు నడిపే కొడుకు ఇంకా ఫోన్ చేయలేదేమిటా అని కిటికీ దగ్గరికి వెళ్లాను, ఇస్త్రీపెట్టె కోటు మీదే ఉండిపోయింది. వాసన వచ్చి చూస్తే జేబు పక్కన గోధుమరంగు మచ్చ. పనికిమాలినదాన్ని, దండగమారి మొహం అని నా నెత్తి నేనే మొట్టుకున్నాను. కోడలేమో, పోనీలెండి అత్తయ్యా, పెన్ను పెట్టుకుంటే కనబడదు అంది. అలా అంటే నాకు ఇంకా భయం. తిట్టేస్తే ఓ పనైపోయేది.

మార్చి 5

పెన్ను పెట్టుకుని వెళ్లింది. మచ్చ కనబడుతూనే ఉంది.

మార్చి 6, గురువారం, మధ్యాహ్నం

బడి నుంచి టీచర్ ఫోన్. పిల్ల పడిందేమోనని గుండె జారిపోయింది. పడలేదట. బొమ్మలో రంగు గీత దాటిందని మనవరాలు, దండగమారి మొహం అనుకుంటూ తన నెత్తి తనే ఠపఠపా మొట్టుకుందట. ఇంట్లో ఎవరైనా అలా తిడతారా అని అడిగింది. దాన్ని ఎవరూ ఒక్క మాటనరమ్మా అన్నాను. అదీ నిజమే. ఐదేళ్ల పిల్ల. మాటలు నావి, మొట్టికాయ నాది.

సాయంత్రం

కోడలికి చెప్పి ఏడ్చాను. ఇదీ నా పాపమే అన్నాను. చూశారా, మళ్లీ మొదలెట్టారు అంది. అది పడినప్పుడు మీరు కట్టి పాడతారే, ఆ పాట మీకూ పాడుకోండి అత్తయ్యా, అది మీ నోరు చూసే నేర్చుకుంటోంది అంది. నా మొహానికి పాటొకటా అన్నాను. ఇదిగో, ఈ మాటే మానాలి అంది.

నా మూడో తరగతి చదువుకి అదేం గొప్ప కవిత్వమని?

పడ్డావా పిచ్చుకా, పడనీలే
నేలకి నువ్వంటే ఇష్టంలే
ఒక్కసారి హత్తుకుంది
వదిలేస్తుందిలే, వదిలేస్తుందిలే

మార్చి 8

బాత్‌రూమ్‌లో కొళాయి తిప్పి, ఎవరికీ వినబడకుండా పాడుకున్నాను. ఒకటే సిగ్గు. రెండో లైను దాటి పాడలేకపోయాను, ఎందుకో తెలీదు. ఇన్ని నీళ్లు దండగ చేశానని మళ్లీ తిట్టుకున్నాను.

మార్చి 11

పొద్దున తిట్టుకున్నాను. మధ్యాహ్నం సగంలో ఆపాను.

మార్చి 14, శుక్రవారం

చెత్తడబ్బా పెడదామని పిల్లతో గుమ్మం దాటాను. వెనకే తలుపు ధడాలున పడింది. తాళంచెవి లోపల, ఫోన్ లోపల. కోడలు డ్యూటీ దిగి రావాలంటే ఇంకా ఎంతసేపో. పిల్లకి కాళ్లకి చెప్పులైనా లేవు. నా చెయ్యి నెత్తి మీదికి లేచింది. పక్కన చూద్దును కదా, పిల్ల చెయ్యీ లేచి ఉంది. నేను మొట్టుకుంటే తనూ మొట్టుకుందామని చూస్తోంది.

నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. దాన్నేం చేయాలో తెలియక నా తల నేనే నిమురుకున్నాను. పిల్ల కూడా నిమురుకుంది. పాట అందుకున్నాను. పిచ్చుకని నేను, నువ్వు కాదు నానమ్మా అని అది దెబ్బలాటకి దిగింది. మరి నేనెవర్నే అంటే, నిన్ను చిన్నప్పుడు ఏమని పిలిచేవాళ్లు అని అడిగింది. మా అమ్మ గువ్వా అనేది. అమ్మ పోయాక ఆ పిలుపు ఎవరి నోటా వినలేదు. చెప్పేశాను. ఇంత లావు గువ్వా అని పకపకా నవ్వింది.

మధ్యలో స్టవ్ ఆర్పానా అని ప్రాణం పోయినంత పనైంది. ఆర్పాను. భయస్తురాలిని కదా, మళ్లీమళ్లీ చూసుకోందే గుమ్మం దాటను. ఇన్నేళ్లకి నా భయానికి థాంక్స్ చెప్పుకోవాలనిపించింది.

కోడలొచ్చి, మెట్ల మీద కచేరీ పెట్టారేంటి అంది. నవ్వుతూ తలుపు తీసింది. కోటు మీది ఆ మచ్చ మీద ఓ పిట్టని కుట్టిపెట్టండి అత్తయ్యా, అందరికీ చూపించుకుంటాను అంది. ఇలాంటి కోడలు నాకు దొరకడం ఏ జన్మ పుణ్యమో.

మార్చి 16, ఆదివారం

పిట్టని కుడుతుంటే సూది గుచ్చుకుంది. అబ్బా అన్నాను, అంతే. పక్కగదిలోంచి పిల్ల పాట వినబడింది.

పడ్డావా గువ్వా, పడనీలే.