సముద్రానికి పసుపు కుంకుమ

తల్లీ లతా,

నీ చెల్లి సంధ్య కాలేజీ వాళ్లతో టూరుకు వైజాగ్ వెళ్లింది. అప్పట్లో నువ్వు వెళ్తానని అడిగిన ఊరే. సంధ్యకిప్పుడు పందొమ్మిదేళ్లు. నీ వయసుకు వచ్చేసింది.

ఉదయం నేను దీపం పెడుతుంటే ఫోన్ చేసింది.

"అమ్మా, సముద్రం నీలంగ లేదే! వానకాలంల మన కోమటి చెరువు లెక్కనే ఉన్నది. చప్పుడైతే ఒక్క నిమిషం ఆగుతలేదు. గీడోళ్లు ఎట్ల నిద్రపోతరో!"

"గంగమ్మకు పసుపు కుంకుమ వేసినంకనే కాలు పెట్టినవా బిడ్డా?"

"వేసిన. సముద్రానికి పేరంటమా అని దోస్తులు ఒకటే నవ్వుడు. మళ్ల వాళ్లే, మాకింత ఇయ్యవే అని చేతులు చాపిన్రు. పొట్లం ఖాళీ!"

నేనూ నవ్వాను. నవ్వుతుండగానే నువ్వు గుర్తొచ్చావు. ఆనాడు మూడుసార్లు అడిగావు. "పెండ్లయినంక చూద్దువులే" అన్నాను. నీళ్ల దగ్గర నీకేమైనా అవుతుందని నా భయం. ఆ ఏడాదే, ఇంట్లో, నా పక్కన ఉండగానే జ్వరం నిన్ను తీసుకుపోయింది.

తల్లిదండ్రుల అనుమతి కోసం నువ్వు తెచ్చిన కాగితం ఆరేళ్లుగా దేవుడి పటం వెనకే ఉంది. ఫోన్ పెట్టేశాక దాన్ని బయటికి తీశాను. సంధ్య తెచ్చిన కాగితం మీద పెట్టినట్టే దాని మీదా సంతకం పెట్టాను. అంచుకు కాస్త పసుపు అద్ది, మళ్లీ అక్కడే ఉంచాను.

అమ్మ