సాయమ్మ మట్టికి పిల్లను రానీయనందుకు

నా భార్య సాయమ్మ 2025 సెప్టెంబరు 9, మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి మిర్యాలగూడలో చనిపోయింది. కోదాడ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు అక్షితకు ఆ సంగతి ఆదివారం సాయంత్రం చెప్పారు. ఈ వీలునామా రాయడానికి కారణం అదే.

గుండెబోయిన మంగయ్య అనే నేను, కీర్తిశేషులు బీరన్న కుమారుణ్ని, వయసు డెబ్బై రెండు, మిర్యాలగూడ నివాసిని, విశ్రాంత విలేకరిని. నా బుద్ధి నిలకడగా ఉంది. కోపం కూడా ఉంది, అయినా ఏం రాస్తున్నానో నాకు తెలుసు. ఎవరి ఒత్తిడీ లేదు. ఇంతకు ముందు రాసిన వీలునామా ఇకమీదట చెల్లదు.

1. త్రిపురారంలో కాలువ కింద ఉన్న రెండెకరాలు నా స్వార్జితం. అవి అక్షితకు చెందాలి. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా తల్లి సుమలత చూసుకోవాలి. హాస్టల్ ఫీజు కోసం నా కొడుకు శివకుమార్ ఈ పొలాన్ని బేరం పెట్టాడు. దీన్ని అమ్మే హక్కు గాని, తాకట్టు పెట్టే హక్కు గాని అతనికి లేదు. సాయమ్మను మట్టి చేసింది ఈ పొలం గట్టునే. పంట మీద వచ్చేది పిల్ల చదువుకు వాడాలి. అదీ సాయంత్రానికి పిల్ల ఇంటికి చేరే బడికైతేనే.

2. మిర్యాలగూడ ఇల్లు శివకుమార్‌కు చెందాలి. దాంతో పాటు ఈ కింది వాస్తవాలు కూడా అతనికే.

నేను త్రిపురారం బడిలో నాలుగో తరగతిలో ఉండగా మా నాయన చనిపోయాడు. మా సారు గంట కొట్టించి బడి మూశారు. పిల్లలంతా ఆయన వెంట నడిచివచ్చి తలా ఒక గుప్పెడు మన్ను వేశారు. ఆ బడి గొప్పదని రాయను. వాన పడితే పైకప్పు కారేది. ఎక్కం తప్పితే అరచెయ్యి వాచేది. అదే బడిలో చదివే సాయమ్మను రెండో తరగతిలోనే మాన్పించి గొర్ల వెనక పంపారు, సారు అడ్డు చెప్పలేదు. కానీ చావు వస్తే బడి ఆగేది.

సాయమ్మ పోయిన పొద్దున హాస్టల్ వార్డెన్ ఫోన్లో అన్న మాట: "శనివారం టెస్టుంది సార్. ఇప్పుడు చెప్తే పిల్ల డిస్టర్బ్ అయితది, ర్యాంకు పోతది." కన్నతల్లి శవం పక్కన నిలబడి నా కొడుకు "సరే మేడం" అన్నాడు. తర్వాత నాతో, "నీకు తెల్వది నాయినా, ఇప్పటి కాంపిటీషన్ వేరే ఉంటది" అన్నాడు. ముప్పై ఏళ్లు ఊరూరి చావువార్తలు మరునాటి పేపర్లో వేయించినవాణ్ని. నా ఇంటి చావు నా మనవరాలికి చేరలేదు.

3. సాయమ్మ వెండి కడియాలు కోడలు సుమలతకు. ఆ పొద్దున పిల్లను తేవడానికి బస్టాండు దాకా వెళ్లింది ఆమె ఒక్కతే. ఆమెను వెనక్కి తీసుకొచ్చింది నా కొడుకు.

4. నల్ల గొంగడి అక్షితకు. సెలవులకు వచ్చినప్పుడు దాని మీదే కూర్చుని నానమ్మకు పాఠాలు చదివి వినిపించేది. సాయమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. "ఆగు బిడ్డా, గాడ మల్లొక్కసారి సదువు" అనేది.

5. నేను చనిపోయిన గంటలోపు అక్షితకు కబురు చేరాలి. ఈ వీలునామాను అమలు చేయవలసిన నా మిత్రుడు బుచ్చయ్య ఆ పని స్వయంగా చేయాలి, బండి పంపాలి. ఆ రోజు ఏ పరీక్ష ఉన్నా సరే. ఆమె వచ్చి గుప్పెడు మన్ను వేసేదాకా గుంత పూడ్చవద్దు. శవం వాసన వస్తే రానీయండి.

దీన్ని రేపు పదకొండింటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తాను. శుక్రవారం సాయమ్మ పెద్దకర్మ. ఆ రోజు ఫిజిక్స్ టెస్టు ఉందని, దసరా సెలవుల దాకా పిల్లను పంపేది లేదని హాస్టల్ వాళ్లు నిన్న చెప్పారు. పిల్ల వంతు గుప్పెడు మన్ను గట్టు మీద విడిగా ఉంచాను. గురువారం ఉదయం ఎనిమిదింటికి నేను, సుమలత హాస్టల్ గేటు దగ్గర ఉంటాం.

మిర్యాలగూడ, 2025 సెప్టెంబరు 15, సోమవారం.

(సంతకం) గుండెబోయిన మంగయ్య

సాక్షులు:
1. బానోతు ఫూల్‌సింగ్, విశ్రాంత పోస్ట్‌మాన్
2. జంగమ్మ, మా పక్కింటామె