పాప త్రేన్పు

మంగళవారం, రాత్రి

ఈ రోజంతా ఫారంలో గేదెల త్రేన్పులు తగ్గించే పనే. ఆ త్రేన్పుల్లో పోయే గ్యాస్ వల్ల ఎండలు పెరుగుతున్నాయని, తవుడులో కొత్త పొడి కలిపి పెట్టి చూస్తున్నాం.

కోరుకొండ బస్సు ఆలస్యమైంది. ఇంటికొచ్చేసరికి అత్తయ్య పాపను ఎత్తుకుని గుమ్మంలోనే తిరుగుతున్నారు.

"సీసా పాలన్నీ తాగేసిందమ్మా. త్రేన్పే రావట్లేదు. ఒకటే ఏడుపు."

మూడు నెలల పిల్లను వదిలి డ్యూటీలో చేరడం తొందరైందేమో... కాళ్లు కడుక్కుని, భుజాన వేసుకుని వీపు నిమిరాను. ఎంతకీ రాదే! చివరికి నా చెవి పక్కనే గట్టిగా త్రేన్చింది.

"మీ ఫారంలో గేదెలు కూడా ఇంత గట్టిగా త్రేన్చవేమోనమ్మా" అని అత్తయ్య నవ్వారు. పొద్దున్నుంచీ గేదెల్లో తగ్గించాలని చూసిన త్రేన్పే అది. వినగానే నాకు కళ్లనీళ్లొచ్చాయి.

రేపు మళ్లీ ఆ బస్సే ఎక్కాలి. పాప భుజం దిగనంటోంది. ఒంటిచేత్తో రాస్తున్నాను.