చెట్టు మీది చేపలు

గౌనిపల్లి,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు నీ కొడుకు మునిశంకర్ నమస్కరించి రాయడం ఏమంటే, ఇక్కడ నేనూ ఆవూ దూడా ముగ్గురమూ బాగున్నాము. రామనగరంలో నువ్వూ, సుమక్కా, బావా, చంటిదీ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం తమకలో నేను పనిచేసే బోరు మోటార్ల అంగడికి వచ్చింది. అప్పటినుంచి నా చొక్కా జేబులోనే ఉంది. గ్రీజు అంటి ఒక మూల నల్లబడింది కూడా. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. దగ్గు పోయింది. వారమంతా తమకలో ఉండి శనివారం ఇంటికి వస్తున్నాను. ఆవును పక్కింటి పిల్లమ్మవ్వ చూసుకుంటోంది. నువ్వు లేవని మొదటి వారం సరిగా మేయలేదు, ఇప్పుడు అవ్వ గొంతుకు అలవాటు పడింది. చంటిదానికి పేరు చెప్పమని అడిగి, ఆ కిందనే "కరపత్రాల్లో దొరికే పేర్లు వద్దు" అని కూడా రాశావు. కాబట్టి మీరనుకున్న మంజుశ్రీ అనే ఉండనీ, బాగుంది.

ఫోన్ చేయక ఉత్తరం ఎందుకు అంటావేమో. కోపం వచ్చినప్పుడు ఫోన్ పట్టుకోవద్దు, కాగితం పట్టుకో అని చెప్పింది నువ్వే. ఇప్పుడు నాకు కోపం లేదు. ఇది చదివితే నీకు వస్తుంది. అందుకే కాగితం.

నీ చివరి ప్రశ్న ఇది: "మా అన్న రెండు నెలలుగా ఫోన్ చేయలేదు, నేను చేస్తే ఎత్తడం లేదు. నువ్వేమైనా చేసినావా?"

చేశానమ్మా.

మన చెరువు సంగతి నీకు తెలిసిందే. నాకు బుద్ధి తెలిసిన నాటినుంచి అందులో నీళ్లు చూసింది లేదు. నాకు చెరువంటే జాలి ముళ్ల చెట్ల అడవి. మేకలు తోలుకుపోయింది అక్కడికే, కట్టెలు కొట్టుకొచ్చింది అక్కడినుంచే. మూడేళ్ల కిందటి వానలకు చెరువు నిండి, అలుగు మీదుగా కోడి పారినప్పుడు ఊరంతా టెంకాయలు కొట్టాము. ఆ అడవి నిలబడింది నిలబడినట్టే మునిగిపోయింది. కింద ఏముందో మరుసటి ఏటికే అందరం మరిచాము. ఇరవై ఏళ్ల తర్వాత నీళ్లు చూసినవాళ్లకు నీళ్లే కనబడతాయి కదా.

మన ఊరి చేపల సంఘం తరఫున కట్ల, రోహు చేపపిల్లలు తెచ్చి వదిలించింది అధ్యక్షుడిగా మీ అన్న, చౌడప్ప మామ. రెండేళ్లు గడిచినా వల వేస్తే చేతికి వచ్చేది చినిగిన వల, నాలుగు జిలేబి చేపలు. మామను అడిగితే ఒకటే మాట: "చేపలు యాడికీ పోలేదప్పా. జాలి చెట్ల కొమ్మల్లో ఉండాయి." ఈ మాట విని సంఘంలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, నాకు కోపం వచ్చింది. పేదల చెరువును ఒక పెద్దమనిషి మింగేశాడు, పైగా కథలు చెబుతున్నాడు అనుకున్నాను. బస్టాండులో ఎవడు కాగితమిచ్చినా చదివి వాడి మాటే మాట్లాడతావని నువ్వంటావు చూడు, అట్లాంటి కాగితాల్లో నేను చదివిన పెద్దమనుషులందరూ ఆ పూట మామలోనే కనబడ్డారు. నాన్న పోయాక మనల్ని తెచ్చి తన ఇంటి పక్కన పెట్టుకున్న మనిషి మాత్రం కనబడలేదు.

శ్రీనివాసపురంలో మూడు వందల కరపత్రాలు అచ్చు వేయించాను. ఒక పక్క కన్నడ, ఒక పక్క తెలుగు, అడుగున నా పేరు. చేపపిల్లలు చెరువుకు చేరాయా, దారిలోనే అమ్ముడుపోయాయా అని అడిగాను. చివర ఒక వాక్యం రాశాను. రాసి, బాగా వచ్చిందని నేనే రెండుసార్లు చదువుకున్నాను. "మన అధ్యక్షులవారు కనిపెట్టిన కొత్త శాస్త్రం: చేపలు చెట్లకు కాస్తాయి." సంతలో పంచాను. సాయంత్రానికి మామకు కొత్త పేరు వచ్చింది, చెట్టుచేపల చౌడప్ప. పాల డెయిరీ దగ్గర వరుసలో నిలబడిన గంగ అత్తను ఎవరో "ఏమ్మా, ఈ పొద్దు మీ చెట్టు ఎన్ని కాసింది?" అని అడిగారట. ఆ మరుసటి రోజునుంచి అత్త డెయిరీకి రావడం మానేసింది. పాలు వేరేవాళ్ల చేత పంపుతోంది.

తర్వాత సంఘం సభ పెట్టారు. మామ వాదించలేదు. లేచి, వలలు పెట్టే గది తాళంచెవి బల్లమీద పెట్టి, "చెట్టుచేపల చౌడప్ప ఇంగ మీకు అధ్యక్షుడు కాడు. ఎవురికి కావల్లో తీసుకోండి" అని వెళ్లిపోయాడు. తాళంచెవి సంఘం సభ్యుడు నందీశ్ తీసుకున్నాడు. నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను.

ఇది జరిగిన మూడో ఆదివారం గంగ అత్త మన ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. "నీ కాగితం అబద్ధమని చూపించేదానికి మీ మామ దినామూ ఆ చెట్లల్లో మునుగుతా ఉండాడు. అరవై ఏండ్ల మనిషి. ఏదో ఒక పొద్దు పైకి రాడు. అప్పుడు ఏం రాస్తావప్పా?" అని అడిగి, జవాబు కోసం నిలబడింది. ఆమె వెంట వెళ్లి చూశాను. మామ నడవలో పడుకుని ఉన్నాడు. ముళ్లు దిగి కుడి పిక్క ఎర్రగా వాచి, రెండు చోట్ల చీము పట్టింది. నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. శ్రీనివాసపురం ఆస్పత్రికి తీసుకుపోయి ముళ్లు తీయించాము. ఇప్పుడు నడుస్తున్నాడు, భయపడవద్దు.

ఫ్రాంక్లిన్ గురించి నీకు ఒకసారి చెప్పాను. మారికుప్పం అబ్బాయి, మా అంగడికి వస్తూ ఉంటాడు. ఎండిన బోర్లలోకి కెమెరా దించి, రాయి ఎక్కడ పగిలింది, మోటారు ఎక్కడ ఇరుక్కుంది అని చూసి చెప్పడం అతని పని. చుట్టూ లైట్లున్న కెమెరా, దానికి పొడుగాటి కేబులు, పైన చిన్న టీవీలాంటి పెట్టె. ఎన్ని అడుగులు దిగిందో అంకె పడుతుంది, కనబడిందంతా రికార్డు అవుతుంది. వాళ్ల తాత గనిలో పనిచేశాడు. "మాది తాత కాలం నుంచి కిందకి చూసే పనే" అంటాడు. నిన్న శనివారం అతన్ని పిలిపించి, మామను తెప్ప మీద ఎక్కించాము.

మామ నాతో మాట్లాడడం లేదు కదా. తెప్ప మీద మా ఇద్దరి మధ్య మూరెడు దూరం. అయినా అన్నీ ఫ్రాంక్లిన్‌కే చెప్పాడు. "ఆ పిల్లోనికి చెప్పు, తెప్పను ఎడం పక్కకి తిప్పమని." నేను తిప్పేవాణ్ణి. "చాలని చెప్పు." ఆపేవాణ్ణి. కొంతసేపటికి ఫ్రాంక్లిన్ విసిగి, "ఏం పెద్దాయనా, నన్ను టెలిఫోన్ ఎక్స్ఛేంజి చేస్తిరే" అన్నాడు. మామ మీసం కొంచెం కదిలింది, అంతే.

మొదట పెట్టెలో కాఫీరంగు తప్ప ఏమీ కనబడలేదు. బురద తేరుకునేదాకా కదలకుండా కూర్చున్నాము. పద్నాలుగో అడుగు దగ్గర ఒక కొమ్మ కనబడింది, నాచు పట్టి, ముళ్లతో సహా. తర్వాత చెట్టు. ఆ చెట్టు కొమ్మల మధ్య చేపలు. పక్షులు వాలినట్టు వరసగా, తలలన్నీ ఒకే వైపు పెట్టి, కదలీ కదలకుండా నిలబడి ఉన్నాయి. ఇరవై దాకా లెక్కపెట్టి వదిలేశాను. ఒక పెద్ద కట్ల వెలుతురు దగ్గరకు వచ్చి పెట్టెనిండా మొహం పెట్టింది. మామ చేయి చాచి పెట్టె అద్దాన్ని తాకాడు, దాని మూతి మీద.

ఆ తర్వాత మామ చేసిన పని నువ్వు చూసి ఉండాల్సింది. గాలానికి రాగిముద్ద ఉండ గుచ్చి, కెమెరా పక్కనే దించి, పెట్టెలో చూస్తూ కూర్చున్నాడు. ఒక రోహు వచ్చింది, ఉండను నోట్లోకి తీసుకుంది, ఉమ్మేసింది. మళ్లీ తీసుకుంది, మళ్లీ ఉమ్మేసింది. పైన మామ చేతిలో దారం కదలనే లేదు. "నలబై ఏండ్లు యాడ నీళ్లుంటే ఆడ నేను చేపల్ని పట్టినాను. అవి నన్ను ఏమనుకుంటాయో ఈ పొద్దు చూసినాను" అన్నాడు. ఉండను సగం చేసి, గాలాన్ని కొమ్మకు మూరెడు పైకి లేపాడు. మూడోసారి రోహు ఉమ్మేలోపల లాగాడు. దారం కదిలేదాకా ఆగలేదు, కంటితో చూసి లాగాడు. అట్లా మధ్యాహ్నానికి పదకొండు చేపలు పట్టాడు. వలకు చిక్కనివి గాలానికి చిక్కాయి. ప్రతి ఒక్కటీ రికార్డయింది.

డెయిరీ గదిలో టీవీకి తగిలించి సంఘం వాళ్లందరికీ చూపించాము. ఎవరూ నవ్వలేదు. ఒకాయన "ఆ చెట్టు మా మేకల దొడ్డి పక్కన ఉన్న చెట్టు" అన్నాడు. ఇంకొకాయన తన పాత కట్టెల దారిని గుర్తుపట్టాడు. అప్పుడు గాని అందరికీ గుర్తురాలేదు, మనం వల వేస్తున్నది ఒక అడవి నెత్తిమీద అని. ఈ వేసవికి నీళ్లు తగ్గాక గట్టు పక్క చెట్లు కొట్టి వలలకు బాట చేయాలని, నడుమ చెట్లను చేపల కోసం వదలాలని, అంతదాకా గాలాలతోనే పట్టాలని అనుకున్నాము. ఫ్రాంక్లిన్ నెలకొకసారి కెమెరా తెస్తానన్నాడు. నందీశ్ తాళంచెవి తెచ్చి మామకు ఇవ్వబోతే, వచ్చే సభ దాకా నీ దగ్గరే ఉండనీ అన్నాడు మామ.

ఇక్కడితో ఉత్తరం ఆపేస్తే నీ కొడుకు మంచివాడుగానే మిగులుతాడు. నిన్న డెయిరీలో ఒకరిద్దరు నన్ను మెచ్చుకున్నారు కూడా. తప్పు రాసినా తానే సరిదిద్దినాడు అన్నారు.

అమ్మా, ఆ చేపల్ని నేను చూడడం నిన్న మొదటిసారి కాదు.

సభకు ముందు రోజు, శనివారం, నేనూ ఫ్రాంక్లిన్ మన ఊళ్లో ఒక బోరు చూసే పనిమీద వచ్చాము. పని త్వరగా అయింది. చెరువు ఖాళీ అని రుజువు తీసుకుని రేపు సభలో మామ మొహాన చూపిస్తానని నేనే కెమెరా దించమన్నాను. అదే చెట్టు, అవే చేపలు. ఒక్క క్షణం ఒళ్లు పులకరించింది, నిజం చెబుతున్నాను. మరుక్షణం మూడు వందల కాగితాలు, వాటి అడుగున నా పేరు గుర్తొచ్చాయి. ఫ్రాంక్లిన్ నవ్వుతూ "మీ మామ చెప్పింది నిజమే, రేపు చూపిద్దాం" అన్నాడు. నేను రికార్డు చెరిపేయమన్నాను. అతను చెరపలేదు. పెట్టె లాక్కుని నేనే చెరిపాను. "మూడు నూర్ల మందికి కాగితం పంచినావు గదా. దీన్ని ఒక్కడికన్నా చూపించు" అని, కేబులు చుట్టుకుని, బండి ఎక్కి పోయాడు.

మరుసటి రోజు సభలో మామ తాళంచెవి పెడుతున్నప్పుడు నాకు అంతా తెలుసు. తెలిసీ కూర్చున్నాను. ఆ మూడు వారాలూ మామ కాలిలో దిగిన ప్రతి ముల్లూ నేను దించిందే. ప్రశ్నించమని చెప్పే పుస్తకాలు చాలా చదివానమ్మా. జవాబు మనకు ఎదురుగా వచ్చి నిలబడితే ఏం చేయాలో ఒక్కదానిలోనూ చదివిన గుర్తు లేదు.

ఈ ఉదయం గట్టు మీద మామకు ఇదంతా చెప్పాను. కాలికి కట్టు కట్టుకుని గాలాల ముడులు వేస్తున్నాడు. ముడి పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. తర్వాత ఫ్రాంక్లిన్ లేకుండా నాతోనే మాట్లాడాడు.

"నాకు చెప్పినావు, సరే. నేను తాళంచెవి పెట్టేది చూసింది ముప్పై మంది. వాళ్లకు చెప్పినావా?"

నాకు మళ్లీ కోపం వచ్చింది, దాచను. చేపల్ని చూపించాను కదా, ఇంకేం కావాలి అని అరిచాను.

"చేపల్ని చూపించినావు. నిన్ను చూపించలే గదరా" అన్నాడు. అని, గాలాల బుట్ట నా చేతికిచ్చి, తెప్ప వైపు కుంటుకుంటూ నడిచాడు. నేను వెనకాలే పోయాను.

ఇప్పుడే తిరిగి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. వచ్చే నెల సభలో చదవడానికి ఒక కాగితం రాశాను. చదివాక దాన్నే అచ్చు వేసి సంతలో పంచుతాను. నేను ఇంతవరకు రాసిన కాగితాలన్నీ "వాళ్లు" అని మొదలవుతాయి. ఇది ఎట్లా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. చివరికి ఇట్లా కుదిరింది: "నేను, గౌనిపల్లి మునిశంకర్, చెరువులో చేపలు చూశాను. చూసి, చెరిపేశాను. మా మామ చౌడప్ప చెప్పింది నిజమని తెలిసీ సభలో నోరు మూసుకున్నాను." ఆ తర్వాత ఇంకో పది వాక్యాలు రాశాను గాని, చదువుకుంటే అవన్నీ నన్ను నేను కాపాడుకోవడానికి రాసినట్టున్నాయి. కొట్టేశాను.

ఆ కాగితం నకలు దీనితో పంపుతున్నాను. సభకు ముందే చదివి, తప్పులుంటే దిద్ది పంపమ్మా. అక్షరాల తప్పులు నేను చూసుకుంటాను.

ఇట్లు,
నీ దిద్దుబాటు కోసం చూస్తూ,
నీ కొడుకు మునిశంకర్.