తుడిచేసిన పేరు

ఏప్రిల్ 4, 2021
కడోదరాలో పాత సామాన్ల బండి మీద కెమెరా. రీలు వేసే కాలం నాటిది. తోలు తొడుగు మీద బాల్‌పెన్నుతో ఎవరిదో పేరు — తెలుగులో! ఇక్కడ, ఈ పరాయి రాష్ట్రంలో, తుప్పు ఇనుము మధ్యన. సరిగ్గా చదవకుండానే కొనేశాను.

అదే రోజు, సాయంత్రం
నా భార్య రజిత గుమ్మంలోనే ఆపేసింది. "ఎవల్దో ఏందో. కడిగినంకనే లోపటికి తే." శానిటైజర్ పోసి గట్టిగా రుద్దాను. గుడ్డ నీలమైంది. పేరు పోయింది. మొదటి అక్షరం 'మ' ఒక్కటే గుర్తుంది. మల్లేశమా, మొండయ్యా, మధుకరా...

ఏప్రిల్ 6
కరోనాతో మా మిల్లులో మగ్గాలు సగం ఆపేశారు. తొందరగా వదిలితే బండివాడి దగ్గరికి వెళ్లాను. పల్సానాలో ఓ గది ఖాళీ చేస్తే వచ్చిన సామానట. తెలంగాణ మనిషి, ఒంటరిగా ఉండేవాడట. దగ్గుతో పోయాడట. ఎవరికి చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పలేదట.
ఇంటికొచ్చి మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. తర్వాత సిగ్గేసింది.

ఏప్రిల్ 7
కెమెరా లోపల రీలుంది. అంకె ముప్పై ఐదు దగ్గర ఆగి ఉంది. రీలుకి ముప్పై ఆరు, ఇంకొక్కటి మిగిలిందన్నమాట. అతను కన్ను పెట్టిన చోటే నేనూ కన్ను పెట్టాను. పట్టీ మెడలో వేసుకుంటే నాకు సరిగ్గా సరిపోయింది, బకిల్ కదపనక్కర్లేదు. నా ఎత్తు మనిషే. భయమేసి, తీసి మేకుకు తగిలించాను.

ఏప్రిల్ 9
రజితకు జ్వరం.

ఏప్రిల్ 10
తగ్గలేదు. కెమెరా వల్లేనా? కడిగాను కదా... పారేద్దామని వీధి మలుపు దాకా తీసుకెళ్లి, మళ్లీ తెచ్చాను. పేరు ఎలాగూ తుడిచేశాను. ఇది కూడా పారేస్తే అతనిదంటూ ఏమీ మిగలదు.

ఏప్రిల్ 12
రజిత ఫొటో తియ్యమంది. ఫోన్‌లో తీస్తానంటే వద్దంది. "ఫోన్ల ఫొటో గోడకెక్కుతదా? గా దాంట్లనే తియ్యి." గోడ అనేసరికి పోయినవాళ్ల ఫొటోలే గుర్తొచ్చాయి. తగ్గాక తీస్తానన్నాను. వినలేదు. కిటికీ దగ్గర తనే కూర్చుని జుట్టు సర్దుకుంది.
రీలు తిప్పే మీట లాగాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. అంకె ముప్పై ఐదన్నా, రీలు అయిపోయింది. ఆఖరిది అతనే తీసుకున్నాడు.
"గింతేనా?" అని నవ్వబోయి దగ్గింది. నిజం చెప్పాలంటే, నాకు ప్రాణం కుదుటపడింది. అతని రీలులో రజిత వద్దు.

ఏప్రిల్ 13
రీలు వెనక్కి చుట్టి తీశాను. మందుల కోసం వెళ్తూ చూశా, ఆల్థాన్‌లో ఫొటో స్టూడియోకి తాళం. రీలు డబ్బీ చొక్కా జేబులోనే ఉంది. అందులో అతని మొహం ఉందేమో. ఉంటే మాత్రం? పేరు లేని మొహాన్ని ఏ ఊరికి పంపను?

ఏప్రిల్ 14
రజితకు ఊపిరి ఆడలేదు. అంబులెన్సు దొరికింది. నన్ను ఆస్పత్రి గేటు దగ్గరే ఆపేశారు. బట్టల సంచీ మీద పేరు రాసివ్వమన్నారు. పక్కాయన పెన్ను అడిగి రాశాను — రజిత, కింద నా పేరు, ఫోన్ నంబరు. అక్షరాలు మళ్లీ దిద్దాను.
సంచీ అందుకున్నతను దాని మీద శానిటైజర్ కొట్టాడు. అటూ ఇటూ తిప్పి, మళ్లీ కొట్టాడు. నీలి సిరా కారుతోంది. "భయ్యా, నామ్... నామ్ జా రహా హై" అన్నాను, పేరు చెరిగిపోతోందని. మాస్కులో నా మాట నాకే వినబడలేదు. గేటు మూసేశారు.

ఏప్రిల్ 15
ఫోన్ రాలేదు. నంబరు ఆ సంచీ మీద ఒక్కచోటే రాశాను.